సొట్టకి సొట్ట

గవర్నర్‌పేటలో లారీల గేర్‌బాక్సులు బాగుచేసేవాణ్ణి. నా పని గురించి మా ఆవిడ సుగుణ ఏనాడూ ఒక్క మాట అడగలేదు. ఆ రోజు బందరు ప్యాసింజర్లో మాకెదురుగా కూర్చున్న మనిషి చేతిలో చిన్న స్విచ్చి చూసి మాత్రం, "ఏంటండీ అది?" అంది.

"క్లచ్ లేని ఫారిన్ కారుదమ్మా. గేరు ఎక్కడుందో ఇదే కనిపెడుతుంది. కొత్తది సరిగ్గా కూర్చోకపోతే బండి స్టార్టవదు."

"మరి ఎలా కూర్చోబెడతారు?"

అతను మా అన్నం క్యారియర్ అందుకుని మూత వదులు చేశాడు. "ముందు గేరు న్యూట్రల్లో పెట్టాలి. తర్వాత స్విచ్చిని ఇలా మెల్లగా తిప్పుతూ, గుర్తుకి గుర్తు కలవగానే బిగించెయ్యాలి."

మూత మీదా గిన్నె మీదా ఒకే దెబ్బకి పడ్డ సొట్టలు రెండూ కలిశాయి. సుగుణ పకపకా నవ్వింది.

అలాంటి కారుని నేను ముట్టుకునైనా చూడలేదు. అయినా, "ఇలాంటివి మా షెడ్డుకీ వస్తాయి" అన్నాను. ఎవరూ వినలేదు.

అప్పట్నుంచి రోజూ నాకు అన్నం సర్ది, సొట్టకి సొట్ట కలిపి మూత బిగించేది. చూడలేక కొత్త క్యారియర్ కొన్నాను. దీనికి సొట్టల్లేవు. అయినా మూత పెట్టేముందు ఆవిడ వేళ్లు ఈనాటికీ ఒక్క క్షణం వెతుక్కుంటాయి.