దొండాకు పసరు

పెరట్లో దొండపాదు సర్దుతుంటే వేళ్ళకు పసరు అంటుకుంది. ఆ పచ్చివాసనకి చోడవరం బడి కళ్ళముందు నిలిచింది.

అమ్మ పోయిన ఏడాది అది. ఎవరైనా వాళ్ళమ్మ మాటెత్తితే చాలు, నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు పక్కన కూర్చున్న పిల్ల "మాయమ్మ ఏసిందే, సూడు" అంటూ రిబ్బను జడ చూపించింది. దాని చెయ్యి కొరికేశాను. ఇక బెత్తమే అనుకుని కళ్ళు మూసుకున్నాను.

మేష్టారు దాని చెయ్యి తడిగుడ్డతో తుడుస్తూ నాతో అన్నారు: "నల్లబల్ల తెల్లబడిపోనాదమ్మా. దొండాకు కోసుకొచ్చి, బొగ్గేసి నూరి రాసీ."

అప్పట్నుంచి నాకు కోపం వచ్చినప్పుడల్లా మా బల్ల తెల్లబడేది. "నిన్ననే రాసింది కదండీ" అని పిల్లలు గొణిగితే, "నలుపు సాల్లేదురా" అనేవారు. నేను నమ్మేశాను. నాలా నూరేవాళ్ళు బడిలోనే లేరని గర్వపడ్డాను కూడా.

తడి బల్లమీద సుద్ద రాయదు. అందాకా అందరిచేతా ఎక్కాలు చెప్పిస్తూ, "ఆరిందేటమ్మా?" అని మధ్యమధ్య నన్నడిగేవారు.

అలా అడిగేటప్పుడు ఆయన ఒక్కసారీ బల్లవైపు చూడలేదు. నా మొహంలోకే చూసేవారు.