బసప్ప సోడా షాపులో మూగ సిలిండర్

పదవీ విరమణకు ముందు ఆఖరి ఎండాకాలం, తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టర్‌నైన నా పరిధిలోకి నారాయణఖేడ్ వచ్చింది. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో ఆ ఊరు సగం నిద్రలో ఉంటుంది. డిపోలోంచి వచ్చే బస్సు కూడా కలలో కదిలినట్టే కదులుతుంది. నాకు ఆ మత్తు ఇష్టం. ఫిర్యాదులకే నిద్ర ఉండదు.

ఫిర్యాదుదారు గోలీసోడా బసప్ప. సోడాలో కలిపే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లను కంగ్టి శంకర్ ట్రాలీ ఆటోలో తెచ్చి దించుతాడు.

"సలికాలంల ఊపితే లోపల గలగల సప్పుడొస్తుండె మేడం. గిప్పుడు సప్పుడే లేదు. తొవ్వల సగం అమ్ముకుంటుండు వీడు" అన్నాడు బసప్ప. ఆ మాట విని, శంకర్ పనిచేసే గ్యాస్ డీలర్ అతన్ని పనిలోంచి తీసేసేందుకు సిద్ధంగా ఉన్నాడు.

"నేను ముట్టలే మేడం. గీ పని పోతే ఇగ పట్నం పోయి కూలికి అడ్డా మీద నిలబడుడే" అన్నాడు శంకర్, తల ఎత్తకుండా.

సీలు విప్పని సిలిండర్‌ను తూకం వేయించాను. మొత్తం బరువులోంచి, మెడ దగ్గర చెక్కి ఉన్న ఖాళీ బరువు తీసేస్తే గ్యాస్ సరిగ్గా ఉంది. చట్టప్రకారం నా పని అక్కడితో సరి. బసప్ప మాత్రం నా త్రాసును కూడా దొంగల్లో జమకట్టాడు. "తూకం సరే. మరి సప్పుడేది?"

నేనూ సిలిండర్‌ను ఊపించి, ఆ వేడి ఇనుముకు చెవి దగ్గర పెట్టాను. ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో కాలేజీ పాఠం ఎక్కడినుంచో తేలుతూ వచ్చింది. ఆదర్శ వాయువు అంటే, అణువులు చోటు ఆక్రమించవు, ఒకదాన్నొకటి లాక్కోవు అనుకుని వేసిన లెక్క. పలచగా ఉన్న వాయువుకు అది దాదాపు సరిపోతుంది. ఇరుకున కుక్కితే సరిపోదు, నిజమైన అణువులకు ఆ రెండూ ఉన్నాయి కాబట్టి. చల్లబడితే ఆ లాగుడే గెలిచి వాయువు ద్రవమవుతుంది. బసప్ప చలికాలంలో విన్నది ఆ ద్రవాన్నే. ఈ వాయువు సుమారు ముప్పై ఒక్క డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా ద్రవం కాదు. ద్రవం లేనిదే గలగల ఎక్కడిది?

"అంగడి జనం ఎండకు నిలబడకుండా ఉరుకుతరు గదా, సల్లబడినంక గుంపులు కడతరు. గ్యాస్ గూడ గట్లనే" అని బసప్పకు చెప్పాను. అతను నమ్మలేదు. సోడాలు చల్లబరిచే నీళ్ల హౌజులో ఐసు గడ్డలు వేయించి, సిలిండర్‌ను అందులో పెట్టించాను. నీడలో కూర్చున్నాం. ఐసు కరుగుతుంటే నాకు కునుకు పట్టింది.

లేచి ఊపించాను. దూరంగా ఎక్కడో వాగు పారినట్టు, గలగల. బసప్ప చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ఐతి, ఐతి" అన్నాడు తన ఇంటి కన్నడంలో, ఉన్నది, ఉన్నది అని. శంకర్ తప్పేమీ లేదని వెంటనే డీలర్‌కు ఫోన్ చేశాడు.

అప్పుడు శంకర్ దగ్గరికొచ్చాడు. "నన్ను గూడ జర ఇననియ్యుండ్రి" అన్నాడు. అందరూ అంటుంటే, తను మోస్తున్నవి నిజంగానే ఖాళీవేమోనని అతనికీ అనుమానం పట్టుకుందట.

త్రాసు సరిపోయినంత మాత్రాన అనుమానం తీరదని ఆ రోజు తెలిసింది. మనిషి ఏ చెవితో అనుమానించాడో, జవాబు ఆ చెవికే చెప్పాలి.