గడ్డం మీది మచ్చ

ఆ వీధిలో ఫోటో స్టూడియో నడిపే ఆయన్ని అందరూ నునుపు మాస్టారంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. కానీ ఆయన చేతిలో పడ్డ ముఖం ఏదైనా సరే, కడిగిన ముత్యంలా బయటికొస్తుంది. మొటిమలు, ముడతలు, కళ్ళ కింది నలుపు అన్నీ మాయం. ఒక పెద్దమనిషి తన పాస్‌పోర్టు ఫోటో చూసుకుని, "ఇది మా తమ్ముడిదండీ, నాది ఇవ్వండి" అన్నాడంటే చూసుకోండి.

అలాంటి మనిషి కూతురు పదో తరగతిలో ఫోటోగ్రఫీని ఒక సబ్జెక్టుగా తీసుకుంది. మాస్టారికి అది మింగుడుపడలేదు.

"ఇంట్లో స్టూడియో పెట్టుకుని బడికెళ్ళి నేర్చుకోవడమేమిటే?"

పైగా ఆ చదువు ఆయనకి ఒక పట్టాన కొరుకుడుపడదు. ఓసారి పిల్ల చూపించిన ఫోటోలో బస్సెక్కుతున్న జనమంతా మసకమసగ్గా అలుక్కుపోయి ఉన్నారు.

"చెయ్యి వణికిందా?"

"లేదు నాన్నా, కావాలనే అలా తీశాను. మా టీచర్‌కి చాలా నచ్చింది."

కావాలని పాడుచేస్తే మార్కులా! తాతకు దగ్గులు నేర్పినట్టు పిల్ల ఏదో చెప్పబోయింది గానీ, ఆయనకి తలా తోకా తెలియలేదు.

ఏడాది చివర పెద్ద పని ఇచ్చారు. దగ్గరివాళ్ళ ముఖం ఒక్కటి తీయాలి, ఆ మనిషి బతుకు అందులో కనపడాలి. సగం మార్కులు దానికే. పిల్ల వంటింటి కిటికీ దగ్గర వాళ్ళమ్మని ఫోటో తీసి, స్టూడియో కంప్యూటర్లోకి ఎక్కించి, బడి కెమెరాని బడికి తిరిగిచ్చేసింది. వెంటనే ఇంకో పిల్ల అందులోవన్నీ చెరిపేసి వాడుకుంది.

"ప్రింటు తీసి ఉంచు నాన్నా" అని చెప్పి పొద్దున్నే వెళ్ళిపోయింది.

మాస్టారు మహా ముచ్చటపడ్డాడు. కూతురు తీసింది, పెళ్ళాం ముఖం, ఇక అశ్రద్ధ చేస్తాడా? గడ్డం మీద ఏటవాలుగా ఒక మచ్చ ఉంది. చెయ్యి దానంతటదే వెళ్ళి దాన్ని తుడిచేసింది. కళ్ళ పక్క గీతలు కూడా సరిచేసి, అదే ఫైలు మీద భద్రపరిచి, మంచి కాగితం మీద ప్రింటు తీశాడు.

మధ్యాహ్నం పిల్ల వచ్చి చూసి తెల్లబోయింది.

"మచ్చ ఏది?"

"ఏ మచ్చ?"

"అమ్మ గడ్డం మీది మచ్చ! నేను తీసిందే దాన్ని చూపించడానికి నాన్నా! అసలుది ఎక్కడుంది?"

"ఇదే అసలుది. దాని మీదే సరిచేశాను" అన్నాడు మాస్టారు. "బాగుచేశానే తల్లీ..."

పిల్ల స్టూలు మీద కూలబడి భోరుమంది. మాస్టారి ప్రాణం ఉసూరుమంది. ఇన్నేళ్ళలో ఎన్ని వేల ముఖాలు తుడిచాడో, ఎవరూ ఏడవలేదు. తప్పెక్కడ జరిగిందో ఎంత బుర్ర గోక్కున్నా అంతుపట్టలేదు.

బడి మూసేలోగా ఇంకో ఫోటో ఇవ్వకపోతే సగం మార్కులు గోవిందా. పిల్ల పరుగెత్తుకెళ్ళి, టీచర్ని బతిమాలి మళ్ళీ కెమెరా తెచ్చుకుంది. వాళ్ళమ్మ చేస్తున్న పని ఆపి, తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది.

చేసిన పాపం కడుక్కుందామని మాస్టారే దీపం జరిపాడు. అలవాటుగా భార్య గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి, "కొంచెం ఇటు" అని తిప్పాడు.

"అటు తిప్పితే మచ్చ కనపడదండీ" అంది ఆవిడ.

ఆయన చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"పెళ్ళయిన కొత్తలో ఫోటో తీసినప్పుడూ ఇలాగే తిప్పారు. ఆ మచ్చంటే మీకు ఇష్టం లేదనుకున్నాను. అప్పట్నుంచీ ఎవరు కెమెరా ఎత్తినా నేనే అటు తిరుగుతున్నాను. మొన్న పిల్ల అడిగితేనే ఇటు తిరిగాను."

"ఇష్టం లేకపోవడమేమిటి!" మాస్టారు కంగారుపడ్డాడు. "నేను అందరికీ అలాగే చేస్తాను కదా!"

"అందరిలో నేనూ ఒకదాన్నేనా మరి?"

మాస్టారు జరిపిన దీపాన్నే మళ్ళీ జరిపాడు. ఏం చెప్పినా అతికేలా లేదు. చివరికి, "అసలా దెబ్బ ఎలా తగిలింది?" అని అడిగాడు.

పిల్ల కెమెరా వెనకనుంచి తల పైకెత్తింది. "నీకు తెలీదా నాన్నా?"

"ఆయనకి తర్వాత చెబుతాలే" అంది వాళ్ళమ్మ, గడ్డం తనే వెలుగులోకి తిప్పుకుంటూ. "టైమవుతోంది, నువ్వు తియ్యవే."