స్క్రీన్‌తో పాటు పోయింది

భీమవరంలో మా ఆఫీసు రొయ్యల చెరువులకు పెట్టెలు తయారుచేస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పెట్టె రైతుకు ఫోన్ చేసి, రికార్డు చేసిన ఆడగొంతుతో, నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు వేయమంటుంది. లోపల అరచేతిలో పట్టే కంప్యూటరు, దాన్ని నడపడానికి సరిపడా లైనక్స్ సాఫ్ట్‌వేర్. ఆ లైనక్స్‌లో ఏ ప్యాకేజీలు, అంటే ఏ చిన్న ప్రోగ్రాములు, ఉండాలో ఎంచి, అన్నీ కూర్చి బిల్డ్ చేయడం నా ఉద్యోగం. ఇంట్లో కంప్యూటర్ పని అని చెబుతాను. వాళ్లూ అంతకుమించి అడగరు.

ప్యాకేజీలు పెళ్లిపిలుపుల్లాంటివి. ఒకర్ని పిలిస్తే వాళ్ల తాలూకు నలుగురు దిగుతారు. ఆ నలుగుర్నీ బిల్డ్ సిస్టమే వెతికి తెస్తుంది. పిలిచినవాళ్లను వద్దంటే ఆ నలుగురూ వెళ్లిపోతారు. వాళ్లలో ఒకడు మన వంటింట్లో గరిటె తిప్పుతున్నాడని ఎక్కడా రాసి లేకపోతే, వాడూ వెళ్లిపోతాడు.

మొగల్తూరు వైపు రైతు ఒకాయన పెట్టె మీది స్క్రీన్ తీసేయమన్నారు.

"ఎండలో నా మొహం తప్ప ఏం కనపడదండి. అది ఇంట్లో అద్దంలో రోజూ చూస్తూనే ఉన్నాను."

న్యాయమే. స్క్రీన్ ప్యాకేజీ తీసేసి బిల్డ్ చేశాను. ఒక్క ఎర్రర్ రాలేదు. అందుకు సంతోషించడం మా వృత్తిలో అందరికీ ఉన్న బలహీనత.

దాన్ని ఆయన పెట్టెలో వేసిన కొన్నాళ్లకు, ఒక ముసురు రోజున, వేరే పని మీద ఆయనకు ఫోన్ చేశాను.

"పెట్టె ఎలా ఉందండి?"

"చాలా బుద్ధిగా ఉందండి. ఇదివరకు మబ్బు పడితే చాలు, ఫోన్ల మీద ఫోన్లు. ఇవాళ పొద్దున్నుంచీ కిక్కురుమనలేదు."

ఎండ లేని ముసురులోనే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. పెట్టె అరవాల్సిన రోజు అదే.

"ఏరేటర్లు తిరుగుతున్నాయా అండి?"

"అది చెప్పందే ఎందుకండి, కరెంటు దండగ."

"ఒకసారి చెరువు చూడండి."

ఫోన్ పెట్టేయకుండానే నడిచారు. చెప్పుల కింద బురద చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగింది.

"రొయ్యలు పైకి తేలిపోతున్నాయండి," అన్నారు, మామూలు గొంతుతోనే.

ఆయన ఏరేటర్లు వేయడానికి పరిగెత్తారు. నేను ఫైళ్లు తెరిచాను. ఫోన్‌లో గొంతు వినిపించే సాఫ్ట్‌వేర్ ముక్క, మా భాషలో లైబ్రరీ, ఇన్నాళ్లూ స్క్రీన్ ప్యాకేజీ వెంట వచ్చేది. అది మా ప్రోగ్రాముకూ కావాలని ఎవరూ రాయలేదు, ఎప్పుడూ ఉండేదే కదా అని. దాంతో పని పడేది ఫోన్ చేసేటప్పుడే కాబట్టి, లేదన్న సంగతి అప్పటిదాకా బయటపడదు; అప్పుడు ప్రోగ్రాము ఫోనే చేయలేక ఆగిపోతుంది. ఒక్క లైను చేర్చి, కొత్త బిల్డ్ మెమరీ కార్డులోకి ఎక్కించుకుని బయల్దేరాను.

నేను వెళ్లేసరికి ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. ఆయనా, ఆయన భార్యా గట్టు వెంట చచ్చిన రొయ్యలను ట్రేల్లోకి ఎత్తుతున్నారు. ఆవిడ నన్ను చూసి తల తిప్పుకున్నారు.

పెట్టెలో కార్డు మార్చాను. కాసేపటికి ఆయన జేబులో ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టారు. ఆక్సిజన్ తక్కువగా ఉంది, ఏరేటర్లు వేయండి, అంది పెట్టె.

"వేశామమ్మా," అన్నారాయన దానితో. తర్వాత నాతో, "కింద ఎన్ని బతికి మిగిలాయో ఇది చెబుతుందాండి?"

"చెప్పదండి."

ఫోన్ మళ్లీ మోగింది.