విప్పేసిన చాపల ఇల్లు

నా చిన్నప్పుడు మేమున్న ఊళ్లో ఇళ్లు కట్టేది ఆడవాళ్లే. అది సోమాలియాలో ఒక పల్లె. మా నాన్నగారు అక్కడి బడిలో లెక్కలు చెప్పేవారు. పక్కింటి అక్క వంచిన కొమ్మల మీద తను అల్లిన చాపలు కప్పి ఇల్లు నిలబెట్టుకుంది. పశువులకు మేత అయిపోతే అదే ఇంటిని విప్పి, ఒంటె మీద వేసుకెళ్లి మరోచోట కట్టుకునేది.

ఆ ఏడు ప్రభుత్వం వాళ్లు ఊరికో కమిటీ వేసుకోమన్నారు. కొత్త బావి ఎక్కడ తవ్వాలో ఆ కమిటీయే తేల్చాలి. నీళ్లు మోసేది మేమే కదా, మాకూ ఒక చోటివ్వండని ఆడవాళ్లు అడిగారు. అడిగింది అంతే. దానికి మగవాళ్లు పొద్దున్నే తుమ్మచెట్టు కింద కూర్చుని, టీ మీద టీ తాగుతూ, పొద్దు వాలుతున్నా తేల్చలేదు. ఆడవాళ్లకేం తెలుసని ఒకరు, ఎన్నడైనా ఉందా ఇలాగని ఇంకొకరు. ఆ టీ కాచి మోసింది కూడా అక్కే. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వాళ్లు మళ్లీ టీ అడిగేసరికి అక్క కెటిల్ కింద పెట్టేసి ఇంటికొచ్చి, చాపలు విప్పడం మొదలుపెట్టింది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్లూ విప్పారు. మా అమ్మ కంగారుపడి ఎందుకని అడిగితే అక్క నింపాదిగా చెప్పింది.

"కట్టింది మేమే, విప్పేదీ మేమే. వాళ్లను ఆ కమిటీలోనే పడుకోమను."

మగవాళ్లు లేచి వచ్చి చూస్తే దూరడానికి గుమ్మం లేదు. చీకటి పడకముందే అక్కకు కమిటీలో చోటు దొరికింది. బావి కూడా ఆడవాళ్లు చూపించిన చోటే తవ్వారు.

ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ, మంచు కురిసే ఈ పరాయి దేశంలో, ఏజాక్స్ అనే ఊళ్లో మా తెలుగు సంఘం మీటింగుల్లోనూ అదే తంతు. హాల్లో మగవాళ్లు, వంటగదిలో మేము. కమిటీలో ఒక్క ఆడమనిషిని పెట్టండని ఉగాది నుంచీ అడుగుతున్నాం. పోయిన శనివారం మళ్లీ అడిగితే ప్రెసిడెంటు గారు నవ్వారు.

"నెక్స్ట్ మీటింగ్‌లో డిస్కస్ చేద్దాం ఆంటీ. ముందు లంచ్ సర్వ్ చేయించండి."

విప్పడానికి నా దగ్గర చాపలు లేవు. పులిహోర ట్రే ఉంది. దానికి మూత పెట్టి కారు దగ్గరికి మోసుకెళ్లాను. తిరిగి చూస్తే మిగతావాళ్లూ తమ ట్రేలు పట్టుకుని వస్తున్నారు. ఆ వెనకే ప్రెసిడెంటు గారు, ఇప్పుడే డిస్కస్ చేద్దామంటూ.

ఒకసారి అడుగుతాను, రెండోసారి అడుగుతాను. ఆ తర్వాత మూత పెట్టేస్తాను. అది ఆ అక్క దగ్గర నేర్చుకున్నదే.