అమ్మ చేతుల ఆకలి

మట్టితో మనలను చేసి, ఆ మట్టి ఎండిపోకుండా లోపలినుండే పోషిస్తూ వస్తున్న దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన మేలు తలచుకోకుండా ఈ నాలుగు మాటలు మొదలుపెట్టడానికి నాకు మనసొప్పదు.

పోయిన నెల మా కోడలు ఒక క్రీము తెచ్చి, ఇది చర్మానికి ఆహారమట అని నా చేతికి రాయబోతే, వైద్యం చదువుతున్న మనవరాలు నవ్వింది. చర్మానికి తిండి పైనుంచి కాదట, లోపల రక్తం తెచ్చిపెట్టినదాన్నే కణాలు తీసుకుంటాయట. ప్రతి కణం పొరలోనూ కంటికి కనపడని వాహకాలు ఉంటాయట. చక్కెరను గుర్తుపట్టి లోనికి చేర్చేది ఒకటి, మాంసకృత్తుల తునకలను చేర్చేది ఇంకొకటి. రక్తంలో సరుకే లేకపోతే వాహకాలుండీ ఏం లాభం, చర్మం పస్తుంటుంది అంది. ఆ పిల్ల పాఠం చెబుతూనే ఉంది గాని, నాకు మా అమ్మ చేతులు కళ్ళముందు నిలిచాయి.

పందొమ్మిదివందల యాభైలలో కోయిలకుంట్ల దగ్గర మా పల్లెలో వానలు తప్పిన కాలమది. పొద్దున జొన్నరొట్టె, రాత్రి జొన్నసంగటి, నంజుకోను కారం. కాసిని పాలు దొరికితే పిల్లలమైన మాకు, పప్పు వండితే నాయనకు పోగా, అమ్మ వంతుకు ఎప్పుడూ సంగటే మిగిలేది. రెడ్డిగారింట్లో బుడ్డలు, అదే వేరుశనగకాయలు, ఒలిచే కూలికి పోయేది గాని, పరాయి సొత్తని ఒక్క గింజ నోట్లో వేసుకునేది కాదు. బైబిలు వాక్యం విని పెరిగిన మనిషి కదా.

ఆ ఎండాకాలం అమ్మ చేతులు మణికట్టుదాకా నల్లబడి, బీటలువారి, పొట్టు రేగాయి. మెడ చుట్టూ కంటె పెట్టినట్టు అదే నలుపు. మా జేజి, అంటే నాయనమ్మ, ఆముదం రాసింది, వేపాకు నూరి పట్టించింది. మర్దన చేసీ చేసీ విసుగొచ్చి, "నూనంతా తాగుతాండాది గానీ మానేది మాత్రం లే" అని గొణిగేది. ఇంతలో మా మేనత్త ఇది పెద్దరోగమేనని, పిల్లలున్న ఇల్లని, కుష్ఠురోగుల ఆశ్రమానికి పంపడమే మంచిదని నాయనకు చెప్పింది. ఊరంతా ఆ మాటే అనుకుంది. అమ్మ నా చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడం మానేసింది. గుడిలో ప్రభువు బల్లకు ద్రాక్షరసం తాగేందుకు అందరికీ ఒకటే గిన్నె కాబట్టి, ఆ ఆదివారాల్లో లోపలికి రాకుండా చూరు కింద కూర్చుని పాటలు పాడేది.

చివరికి నాయన ఎద్దులబండి కట్టి, అమ్మను మిషను ఆసుపత్రికి తీసుకుపోయాడు. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి నేనూ వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు బండిలో అమ్మ ఉంటుందో లేదోనని దారిపొడుగునా ఆమె వైపే చూస్తూ కూర్చున్నాను. డాక్టరమ్మ అమ్మను కళ్ళు మూసుకోమని, దూదిపోగుతో చేతులు తాకుతూ వచ్చింది. పెద్దరోగమైతే మచ్చల మీద స్పర్శ తెలియదట; తాకిన ప్రతిచోటూ అమ్మ సరిగ్గా చెప్పింది. ఆమె అమ్మ నాలుక చూసి, ఏమి తింటావని అడిగింది.

"సంగటి."

"దాంట్లోకి?"

"కారం."

"ఇంకేమి?"

అమ్మ కాస్త ఆలోచించి, "రేపటికి మల్లా సంగటే తల్లీ" అంది.

డాక్టరమ్మ నవ్వి, నాయన వైపు తిరిగింది. "ఇది పెద్దరోగం కాదప్పా. ఈమె చర్మం పస్తుండాది. లోపలికి పోనిది చేతికి యాడనుంచి వస్తాది?"

మాత్రలు ఇచ్చి, పాలు, గుడ్లు, బుడ్డలు పెట్టమంది. నాయన అక్కడే మోకాళ్ళూనాడు. బండి ఎక్కగానే అమ్మ తమ్ముణ్ణి నా చంకలోనుంచి లాక్కుంది.

సంగతి విని రెడ్డిగారి భార్య, ఏటా అహోబిలం నడిచిపోయి మొక్కు తీర్చుకునే ఆ తల్లి, అమ్మను పిలిచి, "ఒలిచేటప్పుడు గుప్పెడు నోట్లో ఏసుకోమ్మే, అడిగేవాళ్ళు ఎవురుండారీడ" అంది. తరువాతి బల్ల ఆదివారానికి అమ్మ చేతుల నలుపు ఇంకా పోలేదు. అయినా పాస్టరయ్య గిన్నె తెచ్చి ఆ చేతులకే ఇచ్చాడు. అమ్మ తాగి, తల వంచుకుని, గిన్నె పక్కనున్న మేనత్తకు అందించింది. అత్త అంచు తుడవలేదు. అమ్మ పెదవులు ఆనినచోటే తన పెదవులు ఆనించి తాగింది. ఆశ్రమం మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు. నాలుగు వారాలకు అమ్మ చేతుల మీద లేత చర్మం వచ్చింది.

ఇప్పుడు మా గుడిలో ఎవరి చిన్న గ్లాసు వాళ్ళకు. జొన్నరొట్టె చక్కెరజబ్బువాళ్ళు అడిగి తినే పథ్యమైంది. మన పిల్లలకు ఏ లోటూ లేదు, అందుకు దేవునికే మహిమ. అయితే కూలిమనిషి ఏమి తిన్నదని అడిగే తీరిక మాత్రం మనకు తగ్గిపోయిందని నాకు దిగులు. నా ఈడు అక్కయ్యలారా, అన్నయ్యలారా, అందరికీ వడ్డించి అడుగున మిగిలినది తింటున్న తల్లి ఏ ఇంట ఉన్నా ఈ పూట ఆమె కడుపు నిండాలని నాతోపాటు ఒక్క నిమిషం తల వంచి ప్రార్థించండి.