కాశీలో వదిలిన పప్పుండ

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందని పోయిన నెలలో ఒక పొద్దున ఆమె కోడలు మా గేటు దగ్గర నిలబడి చెప్పింది. నిద్రలోనే పోయిందట. నాకు ఏడుపు కంటే ముందు నీరసం వచ్చింది. గురజాల మొత్తంలో మా చిన్నదాన్ని నిశ్చింతగా పంపగలిగే ఇల్లు అదొక్కటే.

మా చిన్నదానికి వేరుశనగ పడదు. ఒక్క గింజ నోట్లో పడినా పెదాలు వాచిపోయి ఊపిరి అందదు. పల్నాట్లో వేరుశనగ లేని వంటిల్లు ఎక్కడుంది? చట్నీలో ఉంటుంది, పులిహోరలో ఉంటుంది, కూరల్లో చల్లే పొడిలోనూ ఉంటుంది. పెళ్లికి పోయినా, బడిలో ఎవరి పుట్టినరోజైనా, "ఇందులో వేరుశనగ ఏశారా?" అని నేను అడుగుతూనే ఉండాలి. అడిగీ అడిగీ అలిసిపోయాను. "నీ పిల్లకొక్కదానికేనా ఈ వింత రోగం?" అనేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక ఎప్పుడో పోయింది.

నేను కడుపుతో ఉన్నప్పుడు పెద్దమ్మ రోజూ సాయంత్రం కొంగు చాటున పప్పుండ తెచ్చేది. వేయించిన వేరుశనగ గుళ్లు, బెల్లం. ఇంకా వెచ్చగా ఉండేది. "తినవే, పిల్ల గట్టిగా పుడద్ది," అంటూ నేను నమిలి మింగేదాకా కదిలేది కాదు. ఆమె నోట్లో కూడా ఎప్పుడూ నాలుగు గుళ్లు ఆడుతుండేవి.

చిన్నది నడక వచ్చిన కొత్తలో ఒక వేరుశనగ గింజ తిని, ఒళ్లంతా దద్దుర్లు లేచి ఆయాసపడుతుంటే నరసరావుపేట ఆసుపత్రికి పరిగెత్తాం. పిల్ల బతికి ఇంటికొచ్చాక వీధి వీధంతా ఒకటే మాట అందుకుంది, పెద్దమ్మ నాకు ఆ పప్పుండలు తినిపించబట్టేనని. నేను డాక్టరు గారిని అదే అడిగాను. తల్లి కడుపుతో ఉండి తిన్నందుకు ఇది రాదమ్మా, ఎవరినీ తప్పు పట్టొద్దు అన్నారు. ఆ మాట పెద్దమ్మకు ఎన్నిసార్లు చెప్పానో. "మంచి డాక్టరు. ముసల్ది బాధపడద్దని అట్టా చెప్పుంటాడు," అనేది.

ఆ ఏడే ఆమె కాశీ వెళ్లింది. కాశీకి పోతే ఇష్టమైనదొకటి వదిలి రావాలి కదా. మా వీధిలో వెళ్లొచ్చినవాళ్లంతా కాకరకాయో పొట్లకాయో వదిలి గంగమ్మకే టోకరా వేసినవాళ్లు. పెద్దమ్మ మాత్రం వేరుశనగ వదిలేసి వచ్చింది.

"నేను నోరు కట్టుకుంటే ఆ పిల్లకు తగ్గుద్దేమోనే," అంది.

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నీ తప్పేం లేదంటే వినవేంది పెద్దమ్మా!" అని అరిచాను.

"లేకపోతే మరీ మంచిది. వదిలింది వదిలిందే."

చిన్నదానికి తగ్గలేదు. కానీ అప్పటినుంచి ఆ ఇంట్లోకి వేరుశనగ రాలేదు. కొడుకు గొణిగితే "బయట తినిరా పో, చేతులు కడుక్కొని లోపలికి రా," అనేది. చిన్నది బడి నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా ఆ వంటింట్లో దూరి, ఏది కనపడితే అది తినేది. ఆ కాసేపు నేను నడుం వాల్చేదాన్ని. రోజంతటిలో నాకు భయం లేని సమయం అదే.

పెద్దకర్మ రోజు వాళ్లింట్లో అందరం బంతిలో కూర్చున్నాం. వంటకు బయటి మనుషులొచ్చారు. కోడలు పులిహోర గిన్నెతో మా ముందుకొచ్చింది. నేను నోరు తెరిచేలోపే చిన్నది రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టి తలెత్తింది.

"అత్తా, ఇందులో వేరుశనగ ఏశారా?"

ఆ ఇంట్లో అది ఆ మాట అడగడం అదే మొదటిసారి.